కబ్జ్‌కు నేను పెట్టిన దీర్ఘం

నేను మూర్ఖుణ్ణని ఊరికి ఆలస్యంగానే తెలిసింది. నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది. ఒక్క దీర్ఘం దగ్గర తెలిసింది. ఉండకూడని చోట నేనొక దీర్ఘం విన్నాను. అది చెప్పిన హకీం సాబు నోట్లో లేదు, విన్న నా చెవిలోనే పుట్టింది. దాని మూలంగా, పాలు తాగే నా బిడ్డ కడుపు బిగిసి ఏడుస్తుంటే పక్కన కూర్చుని నేను సంతోషపడ్డాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ కలం మొరాయిస్తుంది. కానీ పొద్దంతా ఊళ్ళోవాళ్ళ మొరలు రాసి బతికినవాణ్ణి, నా మొర దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తే ఎట్లా?

నారాయణఖేడ్‌లో తహసీల్ కచేరి ముందర, గోడ నీడన చాప వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. నీడ జరిగినకొద్దీ చాపా జరిగేది. కచేరి భాష ఉర్దూ. వచ్చే రైతులకు అది రాదు, నాకు కొంచెం వచ్చు. ఆ కొంచెంతోనే మా పొయ్యి వెలిగేది. అయితే నా ఉర్దూ బడిలో నేర్చింది కాదు, గట్టు తగాదాల్లో నేర్చింది. హద్దు, పట్టా, కబ్జా, బేదఖలు, ఇవే నా అక్షరమాల. పట్టా అంటే భూమి ఎవరి పేరున ఉందో చెప్పే కాగితం. కబ్జా అంటే ఆ భూమి నిజానికి ఎవరి చేతిలో ఉందో అది. బేదఖలు అంటే ఆ చేతిలోంచి వెళ్ళగొట్టడం. నాగల్‌గిద్ద నుంచి వచ్చినా, కంగ్టి నుంచి వచ్చినా, రైతు చెప్పుకునే గోడంతా చివరికి ఒక్క వాక్యంలో ఇమిడేది. పట్టా నాది, కబ్జా వాడిది. దాన్ని నేను రెండు పేజీలకు సాగదీసేవాణ్ణి. దీర్ఘాలు తీయడం నా వృత్తే అనుకోండి. ఆకలి, నిద్ర, కడుపునొప్పి లాంటి చిన్న విషయాలను ఉర్దూలో ఏమంటారో మాత్రం నాకు తెలియదు. అర్జీల్లో వాటికి చోటుండేది కాదు.

నా భార్య కంగ్టి పిల్ల. కందిచేలు పూతకు వచ్చిన రోజుల్లో జ్వరం పడి పోయింది. బిడ్డ అప్పుడప్పుడే బోర్లా పడడం నేర్చింది. పడి, తల ఎత్తి, అమ్మ చూసిందా లేదా అని వెతికేది. చూడడానికి నేనొక్కణ్ణే మిగిలాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు ఆమె ఎండుద్రాక్ష తినాలని ఉందని అడిగింది. బీదరు పోయినప్పుడు తెస్తానన్నాను. బీదరు పోయాను, వచ్చాను, ద్రాక్ష రాలేదు. మరిచిపోయినవా అని ఆమె అడగలేదు. అడిగి ఉంటే, ఆ మాట అప్పుడే అయిపోయి, ఈపాటికి నేనూ మరిచిపోయి ఉండేవాణ్ణి.

బిడ్డను చూసుకోవడానికి అత్త కంగ్టి నుంచి వచ్చి మా ఇంట్లో ఉండిపోయింది. మా వైపు అత్త అల్లుడికి ఎదురుపడదు, నేరుగా మాట్లాడదు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె ముఖం నేను సరిగా చూడలేదు. కొంగు అంచు మాత్రం బాగా గుర్తు. తలుపు చాటున నిలబడి ఆమె ఏదైనా అంటే, నా భార్య ఆ మాట నాకు అందించేది. ఇప్పుడు ఆ ఉద్యోగం బిడ్డ మీద పడింది.

"మీ నాయినను బువ్వ తినమను బిడ్డా, సల్లారిపోతున్నది," అనేది అత్త లోపలి గదిలోంచి.

"మీ అమ్మమ్మకు చెప్పు బిడ్డా, ఆకలి లేదని," అనేవాణ్ణి నేను వసారాలోంచి.

ఇద్దరి మాటలూ విని బిడ్డ ఉమ్మితో బుడగలు ఊదేది. అంత మంచి వకీలును నేను కచేరీలో చూడలేదు. ఏ పక్షం మాటా తప్పు పట్టేది కాదు. అత్త తనది సరిహద్దు ఊరు కావడాన కన్నడం కలిపి బిడ్డను "కూసు" అని పిలిచేది. వాళ్ళ వైపు పసిబిడ్డను అట్లాగే అంటారు. మా కూసు రానురాను కూతే తప్ప వేరే మాట లేనిదైంది. ఆ కూత సంగతే ఈ కథంతా.

వచ్చిన కొత్తలోనే అత్త అసలు మాట బయటపెట్టింది.

"మీ నాయినకు చెప్పు బిడ్డా. కంగ్టిల మీ మేనమామ పెండ్లాం బాలింత. పాలు పారుతున్నయి, ఇద్దరు పిల్లలు తాగంగ మిగులుతయి. నిన్ను నేను తీస్కపోతనని చెప్పు."

బిడ్డ ఇక్కడే ఉంటుందని మీ అమ్మమ్మకు చెప్పు అన్నాను. ఆ ఇంట్లో నా భార్యది మిగిలింది ఆ బిడ్డా, గోడ గూటిలో ఆమె దువ్వెన, కుంకుమ భరిణ. బిడ్డను కూడా బండి ఎక్కిస్తే, ఆ గూటి ముందర నేను ఏం చేయాలో నాకు తెలియలేదు. అత్త మళ్ళీ అడగలేదు. కానీ తన గుడ్డల మూట విప్పనూ లేదు. గోడవార అట్లాగే కట్టి పెట్టుకుంది. పొద్దున లేస్తే నాకు ముందు కనిపించేది ఆ మూటే.

ఇక బిడ్డకు గేదె పాలు మొదలుపెట్టాం. అమ్మ లేదన్న లోటు తెలియకూడదని నేను చిక్కటి పాలు వెతికాను. పాలు పోసే ఆమెతో, ఒక్క చుక్క నీళ్ళు కలిసినా నీ మీద అర్జీ రాస్తానని నవ్వుతూ అన్నాను గానీ, నవ్వులో బెదిరింపు ఉంది. ఆమె భయపడి, మీగడతో సహా పోసేది. వేలు ముంచితే వేలికి అంటుకునేది. నా ప్రేమ అంత చిక్కగా ఉండేది.

తల్లి పాలు తాగినన్నాళ్ళు బిడ్డ గుడ్డలు పచ్చగా, మెత్తగా తడిసేవి. గేదె పాలు పట్టాక పొడిగా ఉండడం మొదలుపెట్టాయి. మొదట్లో, గుడ్డలు ఉతికే పని తప్పిందని మెచ్చుకున్నాను కూడా. తరువాత బిడ్డ కాళ్ళు కడుపు దగ్గరికి ముడుచుకుని, ముఖం కందగడ్డ చేసుకుని, ముక్కి ముక్కి ఏడ్చేది. ఎప్పటికో వచ్చేది, అదీ మేక పెంటికల్లా గట్టిగా. కడుపు మీద చెయ్యి పెడితే తబలా మీద పెట్టినట్టు ఉండేది. పాలగిన్నె చూస్తే తల తిప్పుకునేది. అత్త ఆముదం పట్టింది. పట్టిన రోజు ధారగా పోయి, కక్కుకుని, బిడ్డ గుడ్డపేలికలా వాలిపోయింది. తరువాత కడుపు ఇంకా బిగిసింది. మళ్ళీ ఆముదం. మళ్ళీ అదే తంతు.

అప్పుడు హకీం సాబు దగ్గరికి ఎత్తుకుపోయాను. ఆయన బజారు వెనక వీధిలో ఉండేవాడు. తెల్లగడ్డం, సన్నటి గొంతు. తెలుగు ఆయనకు బాగానే వచ్చు. కానీ నేను గుమ్మంలోనే నా ఉర్దూ చూపించుకున్నాను. సలాం చేసి, హుజూర్ అని, కచేరీలో పని చేస్తానన్నాను. కచేరీ ముందర అనలేదు. కాబట్టి ఆయన కూడా మర్యాదగా ఉర్దూలోనే మాట్లాడాడు. బిడ్డ కడుపు వేళ్ళతో తట్టి చూసి అన్నాడు:

"బచ్చీ కో కబ్జ్ హో గయా. మా కా దూద్ ఛూట్ గయా నా, ఉస్సీ వాస్తే."

మా అంటే అమ్మ. దూద్ పాలు. ఛూట్ గయా, విడిచిపోయింది. ఇంతవరకు నాకు అర్థమైంది. ఇక మిగిలిన మాట నా సొంత మాట, రోజూ నా కలం కింద నలిగే మాట. కబ్జా. పాలిచ్చే తల్లి విడిచిపోయింది, అందుకని బిడ్డ కబ్జా అయింది. ఎవరి కబ్జాలోకి పోయిందో వేరే చెప్పాలా? ఊళ్ళో గాలి సోకిందనీ, పట్టిందనీ అంటారు కదా, దాన్నే చదువుకున్నవాళ్ళు ఉర్దూలో ఇట్లా అంటారు కాబోలనుకున్నాను. నా ఒళ్ళు జలదరించింది. భయంతో అని చెప్పుకుంటే బాగుండేది.

ఆయన ఇంకా చాలా చెప్పాడు. దూద్, పానీ అన్నాడు. కడుపు మీద చేత్తో సున్నా చుట్టి చూపించాడు. మునక్కా అన్నాడు, అంటే ఎండుద్రాక్ష. ఆ మాట దగ్గర నేను మళ్ళీ ఆగిపోయాను. చివరికి, "జబర్దస్తీ నక్కో. ఆహిస్తా నికల్ జాయేగా," అన్నాడు. బలవంతం చేయకు, మెల్లగా అదే వెళ్ళిపోతుంది. సమ్‌ఝే, తెలిసిందా అని అడిగాడు.

"జీ హుజూర్," అన్నాను. ఆ ఒక్క జీ బదులు నహీ అని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఎండుద్రాక్ష కోసం బీదరు పోవలసిన పని లేదు. మా బజారులోని కిరాణా దుకాణంలోనే డబ్బాలో ఉంది. ఎన్నేళ్ళుగా ఉందని అడిగాను. ఎప్పుడూ ఉంటుంది, అడిగేవాళ్ళే ఉండరన్నాడు దుకాణదారు. ఆ పొట్లం పట్టుకుని బజారులో కాసేపు నిలబడిపోయాను.

ఇంటికి వచ్చి, గుప్పెడు ద్రాక్ష తీసి ఆమె గూటిలో, దువ్వెన పక్కన పెట్టాను. అడిగింది కదా, ఆలస్యమైందని మనసులో అనుకున్నాను. హకీం చెప్పిన మిగతావన్నీ నా చెవిలోంచి జారిపోయాయి. అత్త తలుపు చాటునుంచి, హకీం ఏమిచ్చిండో అడుగు బిడ్డా అంది. మునక్కా అని చెప్పాను. పండ్లు రాని పిల్లకు మునక్కాయలేంది అని ఆమె బిడ్డతో గొణిగింది. ఉర్దూ తెలియనివాళ్ళ తప్పులు ఇట్లా ఉంటాయని నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

మరునాడు చూస్తే గూటిలో ద్రాక్ష లేదు. చీమ లేదు, తొక్క లేదు, శుభ్రంగా లేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేదు. ఇక నాకు అనుమానమే లేకపోయింది.

ఆ రోజుల గురించి ఏం రాయను. కచేరి నుంచి జల్దీ ఇంటికి వచ్చేవాణ్ణి. బిడ్డను ఒళ్ళో వేసుకుని, బిడ్డతో కాక ఆమెతో మాట్లాడేవాణ్ణి. ఫలానా కేసు గెలిచిందనీ, దండెం మీద నీ చీర ఇంకా తీయలేదనీ చెప్పేవాణ్ణి. బిడ్డ ముఖం ఎర్రబడి, పిడికిళ్ళు బిగించి, కాళ్ళు ముడుచుకుంటే, ఆమె పట్టు బిగిస్తోందనుకునేవాణ్ణి. అంత గట్టిగా పట్టుకున్నదంటే ఎంత ప్రేమో అనుకున్నాను. మెల్లగా వెళ్ళిపోతుందని హకీం అన్న మాట ఒక్కటే నన్ను భయపెట్టేది. వెళ్ళకపోతే బాగుండునని మొక్కుకున్నాను. నా మొక్కుకూ బిడ్డ ముక్కుకూ మధ్య ఉన్నది ఒక కొమ్మే. ఆ కొమ్మున బిడ్డ నలిగిందని నాకు తట్టలేదు.

అత్త భయం అత్తకుంది. బోరంచ నల్లపోచమ్మకు మొక్కి, బిడ్డను అమ్మవారి ముందర వేసి వస్తానంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు. పోచమ్మ ముందర నిలబడితే నా భార్య వెళ్ళిపోవలసి వస్తుందని భయం. నేరుగా మాట్లాడుకునే మనుషులమై ఉంటే అత్త ఒక్క ప్రశ్న వేసేది, నేను ఒక్క జవాబు చెప్పేవాణ్ణి, అబద్ధం అక్కడే పడిపోయేది. కానీ మా మాటలన్నీ బిడ్డ మీదుగా పోవాలి. బిడ్డేమో ఏడుపు తప్ప ఏదీ దాటనిచ్చేది కాదు.

ఒక పొద్దున నేను కచేరికి బయలుదేరుతుంటే, అత్త తలుపు చాటు దాటి వసారాలోకి వచ్చింది. తల మీద కొంగు లేదు. నేను పక్కకు తప్పుకోబోయాను. ఆమె నా ముందర నిలబడి, చేతిలోని బిడ్డ గుడ్డ చాచింది. గట్టి పెంటికల మధ్య ఎర్రటి నెత్తురు చార.

"అల్లుడా," అంది. ఆమె నన్ను పిలవడం అదే మొదలు. "ఒక బిడ్డను మట్టిల వెట్టిన. గీ బిడ్డను నీ పట్టుకు వెట్టాల్నా? ఏం జేస్తున్నవ్ నువ్వు? పిల్ల సస్తుంటె ఒళ్ళె వెట్టుకొని ముచ్చట్లు జెప్తున్నవ్."

నేను ఆమెనే చూస్తూ ఆగిపోయాను. తిట్టినందుకు కాదు. ఆ ముఖం నేను మొదటిసారి చూస్తున్నాను. నా భార్య ముసలిదయ్యేదాకా బతికి ఉంటే ఎట్లా ఉండేదో, ఆ ముఖం అట్లా ఉంది. అవే కనుబొమలు, కోపం వస్తే వణికే అదే కింది పెదవి. ఆమె చేతిలోంచి బిడ్డను తీసుకుని హకీం ఇంటికి నడిచాను. ఆమె వెనకాలే వచ్చింది, కొంగు సంగతి మరిచి.

హకీం సాబు ముందర ఆ రోజు తహసీలు పేష్కారు, కచేరి కాగితాలు చూసే గుమాస్తా, కూర్చుని ఉన్నాడు, తన అజీర్తి చెప్పుకుంటూ. హకీం ఆయన్ను ఆగమని, బిడ్డను చూసి, గుడ్డ చూసి, నా వైపు తిరిగాడు.

"మునక్కా పెట్టినవా?"

"రోజూ పెడుతున్న సాబ్."

"నానబెట్టి, పిసికి, వడగట్టి?"

"లేదు సాబ్. గట్లనే గూట్ల పెడుతున్న."

"గూట్ల? ఎవరి గూట్ల?"

"ఆమె గూట్ల," అన్నాను. "ఆమె తింటున్నది సాబ్. మీరే అంటిరి గద, కబ్జా చేసిందని. జబర్దస్తీ చెయ్యొద్దంటిరి. నేను చెయ్యలేదు."

హకీం బిడ్డ గుడ్డను పక్కన పెట్టాడు. పేష్కారుకు ముందర అర్థమైంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఈయనకు కబ్జా తప్ప ఇంకో బీమారి తెల్వది సాబ్. ఏమయా, బేదఖలుకు అర్జీ రాసుకుంటివా మరి?"

హకీం ఆయన వైపు చూసి చుప్ అన్నాడు. ఆ తరువాత ఉర్దూ వదిలేసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు తెలుగులో చెప్పాడు. "కబ్జా కాదు బేటా. కబ్జ్. దొడ్డికి గట్టి పడుడు. గంతే."

నాకు ఒక్కటే అడగాలనిపించింది. "అయితె ఆమె లేదా సాబ్?"

"లేదు బేటా," అన్నాడు. "బిడ్డ కడుపుల పాలున్నయి. వేరే ఎవ్వరు లేరు."

భార్య పోయిన రోజు నేను ఏడవలేదు. మగవాళ్ళం నలుగురం మోయాలి కదా, ఆ పనిలో ఉన్నాను. హకీం అరుగు మీద, పేష్కారు చూస్తుండగా ఏడ్చాను. ఆమె నాకు రెండుసార్లు పోయింది. రెండోసారి పంపించింది ఒక దీర్ఘం.

నేను ఏడుస్తుంటే హకీం చెప్పడం ఆపలేదు. అత్త గుమ్మంలో నిలబడి చెప్పిందంతా విన్నది. గేదె పాలు పసిపేగుకు బరువట, కాచి చల్లార్చిన నీళ్ళు సగం కలిపి పట్టాలట. నేను పాలామెను బెదిరించిన సంగతి గుర్తొచ్చి తల దించుకున్నాను. ఎండుద్రాక్ష కొన్ని నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్ళు చెంచాతో పట్టాలి. గింజ, తొక్క గొంతుకు పోకూడదు. ఆముదం ఇక ముట్టకూడదు, అది ఒకరోజు తోసి మరునాడు ఇంకా ఎండబెడుతుంది. గోరువెచ్చని నూనెతో బొడ్డు చుట్టూ మెల్లగా రాసి, కాళ్ళు రెండూ పట్టుకుని మడిచి చాస్తూ ఆడించాలి. గోరువెచ్చని నీళ్ళల్లో కూర్చోబెట్టాలి. ముఖం ఎర్రబడి ముక్కినంత మాత్రాన జబ్బు కాదు, ఆలస్యంగా వచ్చినా మెత్తగా వస్తే పరేషాన్ కావద్దు, గట్టిగా వస్తేనే కబ్జ్. ఆ నెత్తురు, గట్టిది చీరిన చీలికదే, మెత్తబడితే మానుతుంది. కానీ కడుపు ఉబ్బినా, పచ్చగా కక్కినా, నెత్తురు మళ్ళీ ఎక్కువగా కనబడినా తన దగ్గరికి కూడా రావద్దు, బండి కట్టి బీదరు దవాఖానకు పోవాలి. అన్నీ చెప్పి, చివర ఒక మాట అన్నాడు.

"ఇవన్ని చెయ్యి. గని అస్లీ దవా అమ్మ పాలే. ఎవరన్న బాలింత దొరికితె చూడు."

నేను అత్త వైపు చూడలేదు. అత్త నా వైపు చూడలేదు. ఆమె నోరు విప్పి, నేను అప్పుడే చెప్పలేదా అని ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది.

ఇంటికి వచ్చాక నేను పొట్లం వెతికాను. ఖాళీ. ద్రాక్షంతా గూటిలో పెట్టేశాను. దుకాణానికి పరుగెత్తబోతుంటే, అత్త వంటింటి గడపలో కూర్చుని కొంగు ముడి విప్పింది. అందులో నా ద్రాక్షంతా ఉంది. ఒక్కటీ తగ్గలేదు.

"నా బిడ్డకు వెట్టినవు గదా అని ఎత్తి దాస్తున్న," అంది, ద్రాక్షతో చెబుతున్నట్టు తల వంచుకుని. "చీమలు వడితె దానికి నచ్చది. చిన్నప్పటిసంది గంతే."

ఆ ద్రాక్షే కడిగి, వేడినీళ్ళలో వేసింది. మేమిద్దరం ఆ గిన్నెకు చెరో వైపు కూర్చుని అవి ఉబ్బడం చూశాం. నానినాక పిసికింది నేను, వడగట్టింది ఆమె. నా భార్య కోసం తెచ్చినవి చివరికి ఆమె బిడ్డ గొంతులోకే పోయాయి. తెచ్చినవాడి ఆలస్యానికి అంతకన్నా మంచి చోటు లేదు.

పలచటి పాలు, ద్రాక్ష నీళ్ళు, నూనె చెయ్యి. కొన్నాళ్ళకు కడుపు తబలా కాస్తా పిండిముద్ద అయింది. ఒక పొద్దున అత్త లోపలి నుంచి బిడ్డ గుడ్డను పట్టుకొచ్చి, గడప మీద నా ముందర పరిచి, లోపలికి వెళ్ళిపోయింది. మెత్తగా, పచ్చగా ఉంది. ఎన్నో కేసుల్లో తీర్పు కాగితాలు చేతికి తీసుకున్నాను గానీ, దేన్నీ అంత మురిపెంగా చూడలేదు. పక్కింటామె చూసి ముక్కు మూసుకుంది. నేను మూసుకోలేదు.

అప్పటికి అత్త మళ్ళీ తలుపు చాటుకు చేరింది. మళ్ళీ బిడ్డ మీదుగానే మాట్లాడింది. హకీం ఈ రోగాన్ని ఏమన్నడో మీ నాయినను అడుగు, నాకు యాదికుండాలె అంది. కబ్జ్ అనబోయాను. ఏళ్ళ అలవాటు, నోరు కబ్జా అంది. అన్నాక తెలిసింది. దిద్దబోయి ఊరుకున్నాను. ఒక దీర్ఘం నన్ను ముంచింది, ఇంకొకటి ఎవరిని ఏం చేస్తుందిలే అనుకున్నాను.

కబ్జా అన్న మాట నన్ను వదల్లేదు. బిడ్డను ఎవరు పట్టుకున్నారని నన్ను నేను అడిగాను. కంగ్టిలో పాలు పారుతుంటే, ఇక్కడ గిన్నెలో నీళ్ళపాలు పడుతూ బిడ్డను పట్టుకుని కూర్చున్నది చచ్చిపోయిన ఆమె కాదు. అర్జీ రాయవలసింది నా మీదే. గోడవార మూట ఇంకా అట్లాగే ఉంది. ఒక సాయంత్రం బిడ్డను ఒళ్ళోకి తీసుకుని చెప్పాను.

"మీ అమ్మమ్మకు చెప్పు బిడ్డా. రేపు కంగ్టికి బండి మాట్లాడుతనని."

లోపల గిన్నె ఏదో కింద పెట్టిన చప్పుడు.

"మీ నాయినకు చెప్పు బిడ్డా," అంది అత్త ఎప్పటికో. "నిన్ను నేను గుంజుకుంటలేనని చెప్పు."

బండి కదిలేటప్పుడు ఆ మూట మీద బిడ్డను పడుకోబెట్టింది. దువ్వెన కూడా ఇద్దామని నేను గూటి దాకా వెళ్ళి, ఇవ్వకుండా తిరిగి వచ్చాను. పేష్కారు ఎంతో కాలం నన్ను చూసినప్పుడల్లా, నీ కబ్జా దావా ఎందాక వచ్చిందని అడిగేవాడు. ఓడిపోయాను అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. నిజమే చెప్పానని ఆయనకు తెలియదు.

పాలకు బిడ్డ కోలుకుంది. బుగ్గలు వచ్చాయి. పండ్లు వచ్చాయి, మాటలు వచ్చాయి. కచేరికి సెలవు దొరికినప్పుడల్లా నేను కంగ్టికి పోయేవాణ్ణి, అంగీ జేబులో ఎండుద్రాక్షతో. ఆ ఇంట్లో పిల్లలు నన్ను మామ అని పిలుస్తారు, మేనత్త భర్తను కదా. వాళ్ళను చూసి నా బిడ్డ కూడా మామ అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మామ కాదు నాయిన అని అత్త దిద్దింది. బిడ్డ సరేనని తల ఊపి, సరే మామా అంది. అత్త ఆ మాటకు ఎంత నొచ్చుకుందో తలుపు చాటునుంచి కూడా కనబడింది. మళ్ళీ దిద్దబోతే, నేనే వద్దన్నాను. బిడ్డకు పాలు పట్టే చెయ్యి నాది కాదు, నాయిన అని పిలిపించుకునే నోరు మాత్రం ఎక్కడిది?

కానీ ఊరికే ఎందుకు ఊరుకోవాలి? బిడ్డకు నేనొక ఆట నేర్పాను. నా ఒళ్ళో ఎక్కి, రెండు చేతులతో నా అంగీ బిగించి పట్టుకుని, ఎవరు పిలిచినా దిగకుండా, కబ్జా అనాలి. అంటే ఈ ఒడి నాదని. బిడ్డకు ఆట నచ్చింది. నేను బండి దిగడమే ఆలస్యం, పరుగెత్తుకొచ్చి ఎక్కి, పిడికిళ్ళు బిగించి, ఊరంతా వినబడేట్టు కబ్జా అనేది. దీర్ఘం బాగా తీసేది. ఎంతైనా నా రక్తం.

ఆ మాట వినగానే అత్త లోపల లేచేది.

"మళ్ల బిగిసిందానే నీ కడుపు? ముక్కకు బిడ్డా, ఆగు. మీ నాయినను నిన్ను గట్లనే పట్టుకోమను. ద్రాక్ష నానవెడుత."

ఆమె నిజం తెలుసుకోలేదు, నేను చెప్పలేదు. వంటింట్లో ద్రాక్ష నానుతున్నంతసేపూ బిడ్డను నా దగ్గరినుంచి ఎవరూ తీసుకోరు. పాలకు పిలవరు, బువ్వకు పిలవరు, ఆటకు పిలవరు. అంతసేపూ పట్టా నాదే, కబ్జా నాదే. అందుకే దుకాణంలో డబ్బా అడుగుకు చెయ్యి పోనిచ్చి, బాగా ఎండి రాయిలా గట్టిపడ్డవే ఏరి కొంటాను. అవి నానడానికి చాలాసేపు పడుతుంది.